పొద్దుగూకేలోగా ఎన్ని?

సంక్రాంతి సెలవులు ఇంకా రెండు రోజులున్నాయనగా మా పెద్దాడు ఒక కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. అందులో ఆరు పేర్లు: భువనగిరి కోట, కొలనుపాక, వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట, రామప్ప, గణపురం కోటగుళ్లు. ఒక్కో పేరు పక్కన గంటలు, నిమిషాలు. తెల్లవారుజామున అయిదింటికి ఉప్పల్ దాటితే రాత్రి పదికల్లా తిరిగి ఇల్లు చేరవచ్చని వాడి లెక్క. కారులో వాడు, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు, మా అమ్మ, నేను, మా తమ్ముడు.

మా తమ్ముడు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. సగం ఉద్యోగం కాకతీయుల చెరువు గట్ల మీదే గడిచింది. కాగితం పైనుంచి కిందికి చదివి, జేబులో పెన్ను తీసి నాలుగు పేర్లు కొట్టేశాడు. రామప్ప, కోటగుళ్లు మిగిలాయి.

“అదేంటి మామయ్యా, అలా కొట్టేశావు? అన్నీ దారిలోనే ఉన్నాయి కదా!”

“దారిలో ఉన్నంత మాత్రాన దిగాలని ఏముందిరా? ఒక్కో చోటికి నలభై నిమిషాలు రాశావు. కారు నీడన పెట్టాలి. మీ అమ్మమ్మని మెల్లగా దింపాలి. పిల్లాడికి బాత్రూము వెతకాలి. చెప్పులు విప్పి ఒక మూల పెట్టాలి. గడప తొక్కకముందే నీ నలభైలో ఇరవై అయిపోతాయి. బయటికొచ్చాక టీ తాగకుండా ఎవరు కదులుతారు? అలాంటివి ఆరు. పైగా రానూపోనూ 420 కిలోమీటర్లకు పైమాటే. ఈ రోజుల్లో ఆరున్నర దాటితే గానీ తెల్లారదు, ఆరు కొట్టేసరికి పొద్దుగూకుతుంది. ఉన్న వెలుగు పదకొండు గంటలు. అందులో కారు ఎంత తింటుంది, రాయికి ఎంత మిగులుతుంది? నువ్వే చెప్పు.”

“తక్కువే మిగులుతుంది. కాదనను. కానీ కొంచెం చూడటం, అసలు చూడకపోవడం ఒకటేనా?”

“ఒక్కోసారి కొంచెం చూడటమే ఎక్కువ చెరుపు. చూశాం అనుకుంటాం కాబట్టి మళ్లీ వెళ్లం. రిటైరైన ఏడాది ఒక టూరు బస్సు ఎక్కాను. రెండు రోజుల్లో పదకొండు గుళ్లు. లోపల అడుగు పెడతామో లేదో, బయట హారన్ మోగేది. ఒక గుడిలో నంది మెడలో గంటల పట్టెడ చెక్కారు. అందులో ఒక్క గంట నాలుక వరకూ కనిపించేలా తొలిచారు. వంగి చూస్తుంటే హారన్. అది ఏ ఊళ్లో, ఏ గుడిలో చూశానో నాకు ఈ రోజుకీ గుర్తుకు రాదు. ఫొటోలన్నీ తిరగేశాను, లేదు. చూసి కూడా పోగొట్టుకున్నాను దాన్ని.”

మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

“నేనూ ఒకటి పోగొట్టుకున్నాను మామయ్యా. హంపిలో నాన్న కూడా నీలాగే అన్నారు. విరూపాక్షాలయం తీరిగ్గా చూద్దాం, విఠలాలయం ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం అని. ఆ పూట విరూపాక్షాలయంలోనే కూర్చున్నాం. బాగానే ఉంది. రాతిరథం చూడకుండా వచ్చేశాం. నాన్న మళ్లీ హంపి వెళ్లారా?”

నేను వంటింట్లో కడుగుతున్న గిన్నె కింద పెట్టేశాను. ఆయన పోయి ఆరేళ్లు. ఆ రాతిరథం మాట ఆయన ఇంట్లో చాలాసార్లు అనేవారు.

తమ్ముడు కాగితాన్ని మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. “అమ్మమ్మ కోసం అంటున్నావా?”

“అమ్మమ్మకి డెబ్భై ఎనిమిది. మోకాళ్లు ఇప్పుడే అంతంత మాత్రం. ఇంకో చలికాలం ఆ దారిన వస్తుందో లేదో. తీరిగ్గా చూడటం అనేది మళ్లీ రాగలిగినవాళ్లు చెప్పుకునే మాట మామయ్యా.”

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. తమ్ముడి దగ్గర ఉంది.

“సరే, అమ్మ మాటే తీసుకుందాం. భువనగిరి కొండ ఏకశిల. అయిదువందల అడుగుల ఎత్తు, నున్నటి బండ మీద మెట్లు. అమ్మ కారులోనే కూర్చుంటుంది. ఓరుగల్లు కోటలో కిలోమీటర్ల మట్టికోట, రాతికోట. అన్నిచోట్లా దిగి ఎక్కి, అయిదోది వచ్చేసరికి అమ్మ సీట్లో కళ్లు మూసుకుని ఉంటుంది. ఆమె పేరు చెప్పి మనం తిరగడమే అవుతుంది.”

“భువనగిరి తీసేద్దాం. కొలనుపాక?”

“అదెందుకు?”

“మొదలు అక్కడుంది కాబట్టి. కాకతీయులు ముందు కల్యాణి చాళుక్యుల సామంతులు కదా. కొలనుపాక చాళుక్యుల కాలంలో పెద్ద పట్నం. ఆ నీడ నుంచి బయటపడి రుద్రదేవుడు 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు, శాసనం వేయించాడు. యాభై ఏళ్లకి, 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప కట్టించాడు. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లు కోట పట్టుకుంది, ప్రతాపరుద్రుడితో వంశమే ముగిసింది. నూట అరవై ఏళ్లు ఒకే రోడ్డు మీద వరసగా ఉన్నాయి. ఒక్క రామప్ప చూసినవాడికి అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. దాని ముందు ఏముంది, వెనక ఏమైంది అనేది పక్కపక్కన చూస్తేనే గదా తెలిసేది?”

తమ్ముడు వాడి వైపు కొత్తగా చూశాడు. ఇంతసేపూ వాడు మ్యాపులో చుక్కలు కలుపుతున్నాడనే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

“అదీ మాట! దారిలో ఉందనే లెక్క కాకుండా ఒక కథ అని చెప్పు, అప్పుడు నేను వింటాను. ఒక రోజుకి ఒక కథ. కాకతీయులదైతే కాకతీయులదే. కొలనుపాక ఇంకో కథకి మొదలు. చాళుక్యులు, జైనులు, వీరశైవులు, సోమేశ్వరాలయం, అక్కడి మ్యూజియం. దానికే ఒక పూట కావాలి. దాన్ని ఈ కథకి పీఠిక చేసి అరగంటలో ముగించొద్దు. రామప్ప, కోటగుళ్లు, సాయంత్రం ఓరుగల్లు కోట. మూడు.”

“వేయిస్తంభాల గుడి?”

“వెలుగుంటే.”

ఇక బేరం వరుస మీదికి మళ్లింది. మా వాడి కాగితంలో హైదరాబాదుకు దగ్గరివి ముందు, దూరానివి తర్వాత. తమ్ముడు దాన్ని తలకిందులు చేశాడు. “రామప్పలో పూజ జరుగుతుంది, చెప్పులు విప్పాలి. మిట్టమధ్యాహ్నం ఆ అరుగు మీద అరికాళ్లు కాలతాయి. కాళ్లు కాలుతున్నవాడు శిల్పం చూడడు, నీడ చూస్తాడు. పైగా గుడి తూర్పు ముఖం. పొద్దుటి ఎండ ఎదురుగా పడుతుంది. అందుకని దూరానిది ముందు. కోటలో చెప్పులతో తిరగొచ్చు, అది సాయంత్రానికి. ఇల్లు దగ్గరపడే కొద్దీ అలసట, చీకటి వచ్చినా ఫరవాలేదు.” దీనికి మాత్రం మా వాడు ఎదురు చెప్పలేదు. గుళ్లు, కోటలు చూడబోయే ఎవరికైనా నేను ముందు ఈ మాటే చెబుతాను: కాలి కింద రాయి ఏ వేళకి ఎలా ఉంటుందో కనుక్కుని బయల్దేరండి.

నాలుగున్నరకే బయల్దేరాం. భువనగిరి దగ్గర ఇంకా చీకటే. ఆ బండ ఆకాశం మీద ఇంకో నలుపులా కనిపించింది. మా వాడు కారు కాస్త నెమ్మది చేశాడు, ఏమీ అనలేదు. జనగామ దాటాక తెల్లారింది. రోడ్డు పక్క ఆగి, డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. హనుమకొండ మీదుగా, ములుగు దాటి, పెద్ద రోడ్డు వదిలి, రామప్ప ఉన్న పాలంపేట చేరేసరికి తొమ్మిది దాటింది.

ఎర్రటి ఇసుకరాతి గోడలు. కప్పు అంచు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు. ఒక్కో ద్వారానికి నాలుగు చొప్పున మూడు ద్వారాలకూ పన్నెండు. ఎండ అప్పుడే వాటి మీదికి ఎక్కుతోంది. ఒకామె కాళ్లకు ఎత్తు చెప్పులు. కోడలు చూపిస్తే మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. గుడి కట్టిన అరుగు ఆరడుగుల ఎత్తు. రెండు పక్కలా పట్టుకుంటే మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది.

మా వాడు ఇరవై నిమిషాల్లో చుట్టూ తిరిగి వచ్చాడు. “అయిందా మామయ్యా?”

తమ్ముడు రంగమండపంలో ఒక పక్కన కూర్చుని ఉన్నాడు. “ఇటు రా, కూర్చో. ఏమీ చేయకు. కళ్లు చీకటికి అలవాటు పడనీ.”

వాడు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. బయటి ఎండలోంచి వచ్చిన కళ్లకు ముందు స్తంభాలు నల్లటి దుంగల్లా ఉంటాయి. కాసేపటికి నునుపు తెలుస్తుంది, తర్వాత దాని మీద వెలుతురు గీతలు. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటికొస్తారు: మద్దెల వాయించేవాడు, మోకాలు మడిచి ఎగిరేవాడు, నడుము తిప్పిన ఆమె. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ బతికించడానికి ఆశ్రయించినవి ఈ బొమ్మలే. వాటితో పాటు జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి.

“నేల చూశావా, ఎలా కుంగిందో?” తమ్ముడు చేత్తో తడుముతూ చూపించాడు. “కింద గొయ్యి తీసి ఇసుక నింపి, దాని మీద పునాది వేశారు. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగాలని. పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు, బరువు తగ్గాలని. కింద మెత్తన, పైన తేలిక. అందుకే దూలాలు పగిలినా, నేల కుంగినా గుడి నిలబడింది. 2021లో యునెస్కో జాబితాలో పెడితే లోకానికి తెలిసింది గానీ, పక్కనే ఉన్న చెరువు ఆ కాలం నుంచీ చెబుతూనే ఉంది వీళ్లకి మట్టి గురించి ఎంత తెలుసో. ఇవన్నీ ఇరవై నిమిషాల్లో కనిపిస్తాయా?”

“కనిపించవు. కానీ నువ్వు పక్కనుండి చెప్పావు కాబట్టి కనిపించాయి, కూర్చోవడం వల్ల కాదు. నువ్వు లేకుండా రెండు గంటలు కూర్చున్నా నాకు కుంగిన నేల కుంగిన నేలే.”

ఇదీ నిజమే. తీరిక ఒక్కటే చాలదు, పక్కన తెలిసినవాడు ఉండాలి, లేదా ముందు రోజు చదువుకుని రావాలి. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు.

ఈలోగా మనవడు కనబడలేదు. గుడి వెనక ఉన్నాడు. గోడ కింది భాగాన గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది, ఒకదాని వెనక ఒకటి. వాటిని లెక్కపెడుతున్నాడు. ఒక మూల దగ్గర ఆగిపోయాడు. తొండం విరిగిపోయి, ముఖం అరిగిపోయిన ఏనుగును లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని సందేహం. వాళ్ల నాన్న టైమైందని పిలవడానికి వెళ్లాడు. పావుగంటైనా రాలేదు. నేను వెళ్లి చూస్తే తండ్రీ కొడుకులు ఇద్దరూ వంగి నడుస్తున్నారు. ఒకడు లెక్కపెడుతున్నాడు, ఒకడు వేళ్లు మడుస్తున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తున్నారు.

“నృత్తరత్నావళి రాసిన జాయప ఎవరో తెలుసా?” తమ్ముడు మనవడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “గణపతిదేవుడి గజసాహిణి. అంటే ఏనుగుల దళానికి పెద్ద. నాట్యం మీద పుస్తకం రాసినాయన రోజూ తిరిగింది ఏనుగుల మధ్య.”

“అయితే ఈ ఏనుగులు కూడా డాన్సు చేస్తున్నాయా తాతయ్యా?”

వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మేం రామప్ప నుంచి కదిలేసరికి పన్నెండు. అప్పటికి అరుగు వేడెక్కింది. మా అమ్మ చివరి మెట్లు గబగబా దిగింది.

గణపురం అక్కడికి పది కిలోమీటర్లు. ఒకే ప్రాకారంలో ఇరవై రెండు గుళ్లు. రామప్ప నుంచి నేరుగా వచ్చినవాళ్లకు ఆ చోటు మనసును పట్టేస్తుంది. అదే చేతివాటం, అదే నల్లరాయి, కానీ ముక్కలు. పైకప్పులు లేని గుళ్లు, గడ్డిలో వరుసగా పేర్చిన దూలాలు, ఒరిగిన స్తంభాలు. ఏనుగు మీదికెక్కిన సగం మనిషి, సగం సింహం ఇంకా కప్పు అంచు కింద కాపలా ఉంది. మా అమ్మ చెట్టు నీడన ఒక రాతిదిమ్మె మీద కూర్చుని, పక్కన పడి ఉన్న పద్మం చెక్కిన ముక్క మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

“మామయ్యా, ఇది ముందు చూడాల్సింది.”

“ఎందుకు?”

“ఇక్కడ ఏ ముక్క దేని మీద ఎలా కూర్చునేదో విడివిడిగా కనిపిస్తోంది. స్తంభం తలకాయ వేరు, దిమ్మె వేరు, దూలం వేరు. ఇది చూసి రామప్పకు వెళ్లుంటే అక్కడ కీళ్లు ఎక్కడున్నాయో నాకే తెలిసేది. నువ్వు చెప్పక్కర్లేకపోయేది.”

“నాకు అలా అనిపించట్లేదురా. నిండుగా ఉన్నది ముందు చూశాం కాబట్టి ఇక్కడ పోయిందేమిటో తెలుస్తోంది. ముందే ఇక్కడికొస్తే ఇవి రాళ్ల కుప్పలు. మీ అబ్బాయిని చూడు, ఏనుగులు ఎక్కడ పోయాయని వెతుకుతున్నాడు. రామప్ప చూడకపోతే వెతికేవాడా?”

“అయితే ఒకటి ఒప్పుకో. రెండూ ఒకేరోజు చూశాం కాబట్టే వెతుకుతున్నాడు. వచ్చే ఏడాది తీసుకొస్తే ఏనుగులు గుర్తుంటాయా?”

తమ్ముడు ఆ మాట ఒప్పుకున్నట్టు తలాడించాడు. నేను గమనించింది ఏమిటంటే, వాళ్లు ఇప్పుడు ఎన్ని అని వాదించుకోవడం లేదు. దేని తర్వాత ఏది అని వాదించుకుంటున్నారు. ఈ రెండో వాదన నాకు నచ్చింది. ఎంతసేపైనా వినాలనిపించింది.

ములుగులో భోజనం చేసి వెనక్కి తిరిగాం. హనుమకొండ ట్రాఫిక్‌లోకి వచ్చేసరికి నాలుగు దాటిపోయింది. అక్కడ పాత గొడవ మళ్లీ లేచింది.

“అదిగో, అటు తిరిగితే వేయిస్తంభాల గుడి. ఇరవై నిమిషాలు చాలు మామయ్యా. నా చిన్నప్పుడు చూసినప్పుడు కల్యాణమండపం విప్పి రాళ్లన్నీ కింద పేర్చారు. మళ్లీ నిలబెట్టి 2024 శివరాత్రికి తెరిచారు. నిలబడ్డాక నేను చూడలేదు.”

“ఏళ్ల తరబడి విప్పి ఉన్నదాన్ని రాయి రాయీ పేర్చి నిలబెట్టారు. నువ్వు ఇరవై నిమిషాలు ఇస్తానంటున్నావు. నాకు మనసొప్పట్లేదు. అక్కడికి వెళితే కోట చీకట్లో చూస్తాం. కోట వదిలేస్తే ఇక్కడ కావలసినంత సేపు ఉండొచ్చు. ఏది కావాలో చెప్పు.”

“రెండూ కావాలి.”

“అమ్మా, నువ్వు చెప్పవే,” అన్నాడు తమ్ముడు. మా అమ్మ నిద్రపోతోంది. కోడలు నా వైపు చూసింది. నేను కోట అన్నాను. పొద్దున రామప్పతో మొదలుపెట్టాం, మధ్యాహ్నం విరిగిన గుళ్లు చూశాం. ఆ విరగడం ఎక్కడ మొదలైందో చూడకుండా ఇంటికెళ్లాలనిపించలేదు. మా వాడు మెటిక విరిచి స్టీరింగు తిప్పాడు. వాడికి కష్టంగానే ఉందని తెలుసు. ఈ రోజుకీ వేయిస్తంభాల గుడి మాట వస్తే వాడు నాకు ఆ సంగతి గుర్తుచేస్తాడు.

ఓరుగల్లు కోటలోకి రోడ్డు ఇప్పటికీ పాత ద్వారాల గుండానే పోతుంది. ద్వారం దగ్గర దారి తిన్నగా ఉండదు, ఒక గోడకి ఎదురుగా వెళ్లి పక్కకి మళ్లుతుంది. ఏనుగులతో తలుపు గుద్దడానికి వచ్చిన శత్రువుకు పరుగు అందకూడదని అలా కట్టారు. ఆ మలుపులో ఎదురుగా ఆటో వస్తే మా వాడు కారు ఆపి, వెనక్కి తీయాల్సి వచ్చింది.

“చూశావా, ఇప్పటికీ పనిచేస్తోంది,” అన్నాడు తమ్ముడు.

లోపల నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, మధ్యలో ఖాళీ. ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న చోటు. ఆ ఖాళీ నిండా పరిచిన ముక్కలు. పొద్దున ఆ చోటికి నేరుగా వచ్చి ఉంటే నా కళ్లు తోరణాల మీదే ఉండేవి. ఇప్పుడు కింది ముక్కల మీద ఉన్నాయి. మా వాడు ఒక దూలం ముక్క దగ్గర ఆగి, దాని కీలు చోటు మీద వేలు పెట్టి, “ఇది అక్కడ కూర్చునేది మామయ్యా,” అని గాలిలో పైకి చూపించాడు. తమ్ముడు ఆ చూపించిన చోటికే చూశాడు. ఏమీ లేని చోటికి ఇద్దరూ తలెత్తి నిలబడ్డారు.

“ఎంత ఎత్తుండేదంటావు?”

“తోరణమే ముప్పై అడుగుల దాకా ఉంది. దానికి తగ్గ గుడి అనుకో.”

వెలుగు ఇంకో అరగంట ఉంటుంది. పడమటి ఎండ తోరణం అంచున పడి రాయి ఎర్రబడింది. మనవడు నా చెయ్యి లాగాడు.

“నానమ్మా, పైన పక్షులున్నాయి.”

“హంసలు నాన్నా.”

“నాలుగింటికీ ఉన్నాయా?”

నాకు తెలియదన్నాను. వాడు నా చెయ్యి వదిలి రెండో తోరణం వైపు పరుగెత్తాడు. కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, వేలితో గాలిలో లెక్కపెట్టుకుని, మూడోదాని వైపు తిరిగాడు. గేటు దగ్గర కాపలాదారు ఈల వేస్తున్నాడు, మూసే వేళైందని. మా వాడు గడియారం చూసుకున్నాడు. తమ్ముడు వాడి భుజం మీద చెయ్యి వేసి, “ఇంకొకటే ఉంది, చూడనీ,” అన్నాడు.